మిద్దె మీదికి వైఫై రావాలంటే ముందు వైరు ఎక్కాలి

నెల్లూరు వేదాయపాళెంలో అయినా, ఒంగోలు లాయర్‌పేటలో అయినా, ఫైబర్ కనెక్షన్ ఉన్న ఇంట్లోకి అడుగు పెట్టకముందే వైఫై బాక్సు ఎక్కడుందో చెప్పేయవచ్చు. వీధి వైపు హాల్లో, టీవీ పక్కన, కిటికీకి దగ్గరగా. స్తంభం నుంచి వైరు లాక్కొచ్చిన కుర్రాడికి ఒక్క రంధ్రంతో పని అయిపోయే చోటు అదే. టీవీ కోసం పెట్టిన ప్లగ్గు కూడా అక్కడే ఉంటుంది. ఇంటివాళ్లు అడ్డు చెప్పరు, ఆ కుర్రాడు ఇంకో నాలుగిళ్లకు వెళ్లాలి. పది నిమిషాల్లో తేలిపోయిన ఆ సంగతే తర్వాత ఏళ్ల తరబడి ఏ గదిలో వీడియో కాల్ నిలబడుతుందో, ఏ గదిలో ‘హలో, వినపడుతోందా’ అని అరవాల్సి వస్తుందో తేలుస్తుంది.

ఫిర్యాదులు వచ్చే గదులు కూడా అన్ని ఇళ్లలో దాదాపు ఒకటే. వెనక బెడ్‌రూము, మిద్దె మీది గది. 2020 తర్వాత ఈ రెండింటికీ గిరాకీ పెరిగింది. హైదరాబాదు కంపెనీకో బెంగళూరు కంపెనీకో ఇంటి నుంచి పనిచేసేవాళ్లు తలుపేసుకుని కూర్చునేది అక్కడే, ఎందుకంటే హాల్లో టీవీ గోల. పండక్కి వచ్చిన అల్లుడికి పై గది ఇచ్చి, నెట్ కోసం మెట్ల మీద కూర్చోబెట్టే ఇళ్లు తక్కువేం కాదు.

అప్పుడు చాలామంది చేసే మొదటి పని ప్లాన్ పెంచడం. 100 ఎంబీపీఎస్ ఉన్నది 200 అవుతుంది, నెల బిల్లు పెరుగుతుంది, పై గదిలో మాత్రం వీడియో గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. కారణం కష్టమైనది కాదు. నెట్ ఇంటికి రావడంలో రెండు అంచెలున్నాయి. వీధి నుంచి బాక్సు దాకా ఒకటి, బాక్సు నుంచి ఫోను దాకా మరొకటి. ప్లాన్ డబ్బులు కట్టేది మొదటి అంచెకే. ఏ అంచెలో లోపం ఉందో తెలుసుకోవడానికి బాక్సు పక్కన నిలబడి ఒకసారి, గదిలో కూర్చుని ఒకసారి స్పీడ్ టెస్ట్ చేస్తే చాలు. బాక్సు దగ్గర 95 వచ్చి గదిలో 6 వస్తే కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి ప్రయోజనం లేదు. బాక్సు దగ్గరే 6 వస్తే అప్పుడు చేయాలి, గట్టిగానే చేయాలి.

ఆంధ్రప్రదేశ్‌లో మొదటి అంచె పదేళ్ల కిందటితో పోలిస్తే బాగా మెరుగుపడింది. కరెంటు స్తంభాల మీదుగా ఆప్టికల్ వైరు లాగి, ఊళ్లలోని కేబుల్ ఆపరేటర్ల చేత ఇంటింటికీ ఇప్పించిన ఏపీ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ జాతికి అంకితం చేశారు. బీఎస్ఎన్ఎల్, ప్రైవేటు కంపెనీలు కూడా ఫైబర్ బాట పట్టాయి. రెండో అంచె ఇంటివాళ్ల చేతిలోనే ఉంది. దాన్ని పట్టించుకునే నాథుడు లేడు.

గోడల లెక్క

30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు స్థలంలో తూర్పు ముఖం ఇల్లు ఒకటి అనుకుందాం. ముందు హాలు, తర్వాత డైనింగు, దాని పక్కన వంటిల్లు, చివర బెడ్‌రూము. పైన కూడా అదే వరస. బాక్సు నుంచి వెనక గదిలో మంచం దాకా సుమారు 10 మీటర్లు, మధ్యలో రెండు తొమ్మిదంగుళాల ఇటుక గోడలు. నెల్లూరు, ఒంగోలు కాలనీల్లో ఇలాంటి ఇళ్లు కోకొల్లలు.

వైఫై సిగ్నల్ బలాన్ని డీబీఎమ్‌లలో కొలుస్తారు. ఫోనుకు అందే సిగ్నల్ విషయంలో ఈ అంకె ఎప్పుడూ మైనస్‌లోనే ఉంటుంది, సున్నాకు ఎంత దగ్గరైతే అంత బలం. ఈ అంకెల్లో తేడాను డెసిబెల్స్ అంటారు. 3 తగ్గితే బలం సగమైనట్టు, 10 తగ్గితే పదో వంతుకు పడిపోయినట్టు. వీడియో కాల్ ఇబ్బంది లేకుండా నడవాలంటే మైనస్ 67 దాకా ఉండాలని నెట్‌వర్క్ పనివాళ్ల లెక్క. మైనస్ 80 దాటితే ఫోనులో గుర్తు కనిపిస్తుంది కానీ పని జరగదు. ఆండ్రాయిడ్ ఫోనులో వైఫై అనలైజర్ తరహా ఉచిత యాప్ ఏదైనా ఈ అంకె చూపిస్తుంది. గీతలు చూసి అంచనా కట్టడం కంటే ఇది నయం.

ఇళ్లలో వైఫై ఎక్కువగా నడిచేది 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు బ్యాండుల మీద. ఆ బాక్సు 100 మిల్లీవాట్ల శక్తితో ప్రసారం చేస్తోందనుకుందాం. మధ్యలో ఏ అడ్డూ లేకపోతే 10 మీటర్ల దూరంలో 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్ మైనస్ 40 దగ్గర, 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ మైనస్ 47 దగ్గర ఉంటాయి. రెండూ బ్రహ్మాండం. ఇప్పుడు గోడలు పెడదాం. ఒక్కో గోడకు 2.4లో 8, 5లో 13 పోతాయనుకుంటే వెనక గదికి చేరేవి మైనస్ 56, మైనస్ 73. అదే గదికి పైన ఉన్న గదికి వెళ్లాలంటే స్లాబు కూడా దాటాలి. స్లాబుకు 2.4లో 15, 5లో 25 తీసేస్తే మైనస్ 71, మైనస్ 98 మిగులుతాయి. మైనస్ 98 అంటే లేనట్టే, గాలిలో ఎప్పుడూ ఉండే రొదలో కలిసిపోతుంది. ఇటుకను బట్టి, ప్లాస్టరింగును బట్టి, గోడలోని చెమ్మను బట్టి ఈ అంకెలు అటూఇటూ అవుతాయి. లెక్క వెళ్లే దారి మాత్రం మారదు.

ఈ లెక్కలో దూరం చేసిన నష్టం కంటే గోడలు చేసిన నష్టం ఎక్కువ కలవరపెడుతుంది. ఖాళీ స్థలంలో దూరం రెట్టింపైతే పోయేది 6 మాత్రమే. ఒక్క ఇటుక గోడ అంతకు మించి తీసుకుంటుంది. వీధిలో యాభై అడుగుల దూరాన, కిటికీకి ఎదురుగా నిలబడితే వచ్చే నెట్ సొంత ఇంట్లో వెనక గదిలో రాకపోవడానికి కారణం ఇదే.

పై గదికి 2.4లో మైనస్ 71 అందుతోంది కదా, అదెందుకు చాలదు అనే ప్రశ్న వస్తుంది. ఆ బ్యాండులో ఒకదానితో ఒకటి తగలని చానళ్లు మూడే, 1, 6, 11. గోడకు గోడ ఆనుకున్న కాలనీలో పది పన్నెండు ఇళ్ల బాక్సులు ఆ మూడింటినే పంచుకోవాలి. ఒక చానల్‌లో ఒక సమయంలో ఒక పరికరమే మాట్లాడగలదు. పక్కింటి టీవీ సినిమా లాగుతుంటే ఈ ఇంటి ఫోను తన వంతు కోసం ఆగుతుంది. స్థానిక ఆపరేటర్లు ఇచ్చే చవక బాక్సుల్లో 2.4 ఒక్కటే ఉండే సింగిల్ బ్యాండ్ రకం ఇంకా చాలానే ఉన్నాయి, అవన్నీ ఈ గుంపులోనే కొట్టుకుంటాయి. గీతలు నిండుగా ఉండి నెట్ కదలకపోవడం చాలా ఇళ్లలో ఇలా జరుగుతున్నదే.

గ్రానైట్ మీద ఒక మాట. గ్రానైట్ గనుల చీమకుర్తి దగ్గర్లో ఉంది కాబట్టి ఈ రెండు జిల్లాల్లో గచ్చుకు, వంటగట్టుకు, మెట్లకు నల్ల గ్రానైట్ వాడకం ఎక్కువ. సిగ్నల్ పైకి రాకపోతే ఆ రాయిని తిట్టేవాళ్లున్నారు. అసలు అడ్డు దాని కింద ఉన్న కాంక్రీటు, అందులో జాలీలా అల్లిన ఇనుప చువ్వలు. ఇంట్లో ఇంకా గట్టి శత్రువులు ఇనుప బీరువా, ఫ్రిజ్, నిలువెత్తు అద్దం, నీళ్ల ట్యాంకు. లోహం సిగ్నల్‌ను తిప్పికొడుతుంది, నీళ్లు పీల్చుకుంటాయి. బాక్సును తెచ్చి బీరువా మీద పెట్టే అలవాటు మానితేనే కొన్ని ఇళ్లలో సగం బాధ తీరుతుంది. నెల్లూరు మూలాపేట, రంగనాయకులపేట లాంటి పాత పేటల్లో మందపాటి గోడల ఇళ్లున్నాయి. అక్కడ ఒక్క గోడే రెండు గోడల పని చేస్తుంది.

ఇంత చెప్పినా ‘ఆరు యాంటెనాల రూటర్ కొంటే సరిపోదా’ అనేవాళ్లుంటారు. నిలువుగా నిలబెట్టిన యాంటెనా చుట్టూ సిగ్నల్ పరుచుకునే ఆకారం గారె లాంటిది. పక్కలకు బాగా వెళుతుంది, నడినెత్తికి, కాళ్ల కిందికి పల్చగా వెళుతుంది. మేడ మీద సరిగ్గా బాక్సుకు పైన ఉన్న గదిలోనే సిగ్నల్ తక్కువగా ఉండటం వింతేమీ కాదు. ఒక యాంటెనాను అడ్డంగా వాల్చి చూడటం ఖర్చు లేని ప్రయోగం, కొంత మార్పు కనిపించవచ్చు. ఇక ప్రసార శక్తి సంగతి. వైఫై రేడియో ప్రసారం లాంటిది కాదు, ఫోను కూడా తిరిగి జవాబు పంపాలి. ఫోను బ్యాటరీ మీద నడుస్తుంది కనుక దాని ప్రసార శక్తి సాధారణంగా రూటర్ కంటే తక్కువ. పెద్ద రూటర్ పంపింది ఫోనుకు చేరి, ఫోను పంపింది రూటర్‌కు చేరకపోతే గీతలు పెరుగుతాయి, పని పెరగదు.

గాలిని నమ్ముకున్న పరిష్కారాలు

బజారులో మొదట చేతికి వచ్చేది ప్లగ్గులో గుచ్చే రిపీటర్. చవక, పెట్టడం తేలిక. అది బాక్సు నుంచి విన్నదాన్ని మళ్లీ అదే చానల్‌లో గదిలోకి చెబుతుంది. ప్రతి మాటా గాలిలో రెండుసార్లు వెళ్లాలి కాబట్టి ఒకే బ్యాండుతో పనిచేసే రిపీటర్‌లో వేగం సగానికి పడిపోతుంది. పైగా కొన్నవాళ్లలో ఎక్కువ మంది దాన్ని సిగ్నల్ లేని గదిలోనే పెడతారు. రిపీటర్‌కే వినపడని చోట పెడితే అది ఏం చెబుతుంది? సిగ్నల్ ఇంకా బాగా ఉన్న నడిమి గదిలో పెట్టాలి. అలా పెడితే వాట్సాప్‌కు, రేటు చూసుకోవడానికి, యూపీఐకి పనికొస్తుంది. గంటల తరబడి మీటింగులకు పనికిరాదు.

రెండు మూడు డబ్బాలతో వచ్చే మెష్ సెట్లు ఇంతకంటే చాలా మేలు. డబ్బాలు తమలో తాము మాట్లాడుకుని ఫోనును ఒకదాని నుంచి మరొకదానికి సాఫీగా అప్పగిస్తాయి. కానీ రెండు బ్యాండుల మెష్‌లో డబ్బాల మధ్య మాటలకూ, ఫోనుతో మాటలకూ తరచుగా అదే 5 గిగాహెర్ట్జ్ వాడాలి. డబ్బాల మధ్య మాటలకు విడిగా ఇంకో రేడియో ఉండే ట్రైబ్యాండ్ రకం ధర బాగా ఎక్కువ. అంత పోసినా స్లాబు పలచబడదు. మెష్ కొన్నాక దాని వెనక లాన్ పోర్టుకు (నెట్ వైరు గుచ్చే రంధ్రానికి) బాక్సు నుంచి వైరు తగిలిస్తే అదే సెట్టు ఎంతో బాగా పనిచేస్తుంది. అలా వైరు తగిలించిన మెష్ డబ్బా చేసేది యాక్సెస్ పాయింట్ పనే.

ఇంట్లో ఉన్న ఫైబర్ బాక్సు మూడు పనులు చేస్తుంది. కాంతిగా వచ్చిన సంకేతాన్ని విద్యుత్ సంకేతంగా మార్చడం, ఇంట్లోని పరికరాలకు ఐపీ అడ్రసులు పంచడం, వైఫై ప్రసారం చేయడం. యాక్సెస్ పాయింట్ చేసేది మూడో పని ఒక్కటే, అదీ వైరు ద్వారా వచ్చినదాన్ని. గోడలూ స్లాబూ దాటే కష్టం వైరు పడుతుంది. గాలిలో వెళ్లాల్సింది ఆ గదిలోని నాలుగు మీటర్లే.

ఈ తేడా ఎంత పెద్దదో ఒక్క అంకెతో తెలుస్తుంది. ఆప్టికల్ ఫైబర్‌లో కిలోమీటరు దూరానికి పోయేది అర డెసిబెల్ కూడా ఉండదు. ఇంట్లో ఒక్క ఇటుక గోడకు 8 పోతున్నాయి. రాగి లాన్ కేబుల్ అయినా 100 మీటర్ల దాకా 1 గిగాబిట్ వేగాన్ని చెక్కుచెదరకుండా మోస్తుంది.

వైరు ఎలా వెళ్లాలి

అన్నిటికంటే చవకైన పని బాక్సునే కదపడం. ఆపరేటర్‌ను అడిగితే స్తంభం నుంచి ఇంటికి వచ్చే డ్రాప్ వైరును ఇంకో పదిహేను మీటర్లు పెంచి బాక్సును ఇంటి నడుమకు, వీలైతే లోపలి మెట్లు పైకి తెరుచుకునే చోటికి మారుస్తారు. మెట్ల దగ్గర స్లాబుకు ఖాళీ ఉంటుంది కాబట్టి సిగ్నల్ పైకి ఎక్కడానికి సులువైన దారి అదే. ఫైబర్‌ను మేకు చుట్టూ మడత పెట్టినట్టు తిప్పకూడదు. గాజు పోగు కదా, మరీ వంచితే బాక్సు మీద ఎల్ఓఎస్ (సిగ్నల్ రావడం లేదని చెప్పే గుర్తు) దగ్గర ఎర్ర లైటు వెలుగుతుంది. కింద మాత్రమే కాపురం ఉండే చిన్న ఇంటికి ఇంతటితో సమస్య తీరిపోవచ్చు. మెట్లు బయట ఉండి, పై వాటా వేరుగా ఉన్న ఇంటికి తీరదు.

అలాంటి ఇంటికి లాన్ కేబుల్ లాగాలి. 2000 ప్రాంతంలో కట్టిన ఇళ్లలో గోడ లోపల కేబుల్ టీవీకీ ల్యాండ్‌లైన్‌కూ వేసిన పీవీసీ పైపులు ఇంకా ఉంటాయి, లోపల పాత వైరు పనిలేకుండా పడి ఉంటుంది. ఆ వైరు చివర కొత్త లాన్ కేబుల్‌ను టేపుతో గట్టిగా కట్టి, రెండో చివర నుంచి పాతదాన్ని మెల్లగా లాగితే కొత్తది దాని వెంటే వస్తుంది. ఒకరు లాగుతుంటే ఇంకొకరు ఇవతల నుంచి కేబుల్‌ను తిన్నగా అందించాలి. పైపు మధ్యలో సిమెంటు పడి మూసుకుపోయి ఉంటే బయటి గోడ మీదుగా తీసుకెళ్లక తప్పదు. లోపలైతే గోడకు బిగించే ప్లాస్టిక్ పట్టీల్లో (కేసింగ్ క్యాపింగ్) దాచవచ్చు. కరెంటు తీగలున్న పైపులోనే లాన్ కేబుల్ కూడా దూర్చేయడం చాలాచోట్ల చేసే పని, ప్రమాదకరమైన పని. దానికి ఒప్పుకోకూడదు.

కేబుల్ కొనేటప్పుడు అసలు మోసం జరిగేది లోహం దగ్గర. పైన రాగి పూత, లోపల అల్యూమినియం ఉన్న కేబుల్ చవగ్గా దొరుకుతుంది, తొడుగు మీద సీసీఏ అనే అక్షరాలు ఉండవచ్చు, ఉండకపోవచ్చు. తీగ కొసను బ్లేడుతో గీకితే లోపల తెల్లగా కనబడుతుంది. చేతిలో పట్టుకుంటే తేలిక. ఇది తొందరగా విరుగుతుంది, అదే వైరు మీదుగా కరెంటు కూడా పంపితే వేడెక్కుతుంది. రాగి క్యాట్ 5ఈ రకం కేబుల్ అయినా ఇంటికి సరిపోతుంది. క్యాట్ 6 ఎలాగూ దొరుకుతోంది కాబట్టి దాన్నే తీసుకోవడం మంచిది.

తర్వాత కేబుల్ కొసకు బిగించే జాకు. కేబుల్ లోపల ఎనిమిది తీగలు, నాలుగు జంటలు. ఎక్కువగా వాడే వరస ఇది: నారింజ-తెలుపు, నారింజ, ఆకుపచ్చ-తెలుపు, నీలం, నీలం-తెలుపు, ఆకుపచ్చ, గోధుమ-తెలుపు, గోధుమ. రెండు కొసలకూ ఇదే వరస. తీగలను తిన్నగా చేసి, ఒకే పొడవుకు కత్తిరించి, జాకు చివరి దాకా ఎనిమిదీ తగిలాయో లేదో వెలుతురులో చూసి అప్పుడు క్రింపింగ్ పట్టకారు నొక్కాలి. 100 ఎంబీపీఎస్ వేగానికి నారింజ, ఆకుపచ్చ జంటలు రెండే చాలు. గిగాబిట్‌కు నాలుగూ కావాలి. కాబట్టి నీలం తీగో గోధుమ తీగో సరిగా తగలకపోతే నెట్ ఆగదు, నిశ్శబ్దంగా 100కు దిగిపోతుంది. 200 ఎంబీపీఎస్ ప్లాన్ ఉన్న ఇంట్లో పై గదిలో ఎన్నిసార్లు చూసినా స్పీడ్ టెస్ట్ 94 దగ్గరే ఆగుతోందంటే సాధారణంగా ఇదే కారణం. 100 ఎంబీపీఎస్ లింకు మీద ఖర్చులు పోగా మిగిలేది అంతే. జాకు కోసి కొత్తది వేస్తే తీరిపోతుంది.

అయినా 94 దాటకపోతే పోర్టు చూడాలి. చాలా ఫైబర్ బాక్సుల్లో ఒకటే గిగాబిట్ పోర్టు, మిగతావి 100 రకం. యాక్సెస్ పాయింట్‌కు వెళ్లే వైరు గిగాబిట్ పోర్టులో ఉండాలి. ఐపీటీవీ (నెట్ వైరు మీదుగా వచ్చే టీవీ) సెట్‌టాప్ బాక్సు ఉన్న ఇంట్లో మాత్రం దాని వైరును పోర్టు మార్చకుండా ఉంచడం క్షేమం. టీవీకి ఆపరేటర్ ఒక పోర్టును ప్రత్యేకంగా కేటాయించి ఉండవచ్చు, మారిస్తే నెట్ బాగుండి టీవీ పోతుంది. అప్పుడు ఇంట్లో జరిగే రచ్చ వేరే.

డబ్బా పెట్టాక

పై గదిలో పెట్టడానికి సీలింగుకు బిగించే అసలైన యాక్సెస్ పాయింటే కావాలని లేదు. రెండు బ్యాండులు, గిగాబిట్ పోర్టులు ఉన్న మామూలు రూటర్ కూడా ఆ పని చేస్తుంది. ఇప్పుడు వస్తున్న చాలా రూటర్లలో యాక్సెస్ పాయింట్ మోడ్ అనే మీట ఉంటుంది, అది నొక్కితే చాలు. లేని పాత రూటర్‌లో చేత్తో చేయాలి. ముందు దాని సొంత అడ్రసు మార్చాలి. కింద బాక్సుది 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2 ఇవ్వాలి. ఐపీ అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ ఆపేయాలి. వైరును బయటి నెట్ కోసం ఉన్న వ్యాన్ పోర్టులో కాక లాన్ పోర్టులో పెట్టాలి.

చాలామంది తప్పటడుగు వేసేది ఈ డీహెచ్‌సీపీ దగ్గరే. దాన్ని ఆపకుండా లాన్ పోర్టులో వైరు పెడితే ఇంట్లో ఇద్దరు అడ్రసులు పంచుతుంటారు. ఏ ఫోనుకు ముందు ఎవరు జవాబిస్తే దానికి ఆ అడ్రసు. కొన్ని ఫోన్లలో నెట్ వస్తుంది, కొన్నింటిలో ‘కనెక్ట్ అయింది, ఇంటర్నెట్ లేదు’ అని వస్తుంది, రేపటికి అవి తారుమారవుతాయి. దెయ్యం పట్టినట్టు కనిపించే ఈ జబ్బుకు మందు ఒక్క టిక్కు తీసేయడం. వ్యాన్ పోర్టులో పెడితే నెట్ వస్తుంది కానీ పైన వేరే నెట్‌వర్క్ తయారవుతుంది. పై ఫోను నుంచి కింది ప్రింటర్ కనిపించదు, టీవీకి క్యాస్ట్ చేయడం కుదరదు.

పేరు, పాస్‌వర్డ్, సెక్యూరిటీ రకం కిందా పైనా ఒకటే ఉంచాలి. ‘హోమ్’, ‘హోమ్ పైన’ అని రెండు పేర్లు పెడితే మెట్లెక్కిన ప్రతిసారీ ఫోనులో మార్చుకోవాల్సి వస్తుంది. ఒకే పేరు పెట్టినా ఎప్పుడు మారాలో నిర్ణయించేది ఫోనే, డబ్బా కాదు. ఐఫోన్ అయితే ఉన్న సిగ్నల్ మైనస్ 70 కంటే దిగజారాకే వేరేదాని కోసం వెతుకుతుంది. కింది బాక్సు పూర్తి శక్తితో అరుస్తుంటే పైకి వెళ్లిన ఫోను దాన్నే పట్టుకు వేలాడుతుంది. అందుకే యాక్సెస్ పాయింట్లు రెండు మూడు ఉన్న ఇంట్లో శక్తిని పెంచడం కాదు, తగ్గించడం అవసరం. ముఖ్యంగా 2.4లో. సెట్టింగుల్లో హై అని ఉన్నదాన్ని మీడియం చేయాలి. కిందికి చానల్ 1 ఇస్తే పైకి 6 గానీ 11 గానీ ఇవ్వాలి, 2.4లో వెడల్పు 20 మెగాహెర్ట్జ్ దాటనివ్వకూడదు. ఫోనును త్వరగా మారేలా ప్రోత్సహించే 802.11కే, వీ, ఆర్ సదుపాయాలు డబ్బాలో ఉంటే వాడుకోవచ్చు. అవి లేకపోయినా కొంప మునిగేదేమీ లేదు.

పై వాటా అద్దెకిచ్చి పాస్‌వర్డ్ పంచుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. చాలా చవక రూటర్లలో యాక్సెస్ పాయింట్ మోడ్ పెట్టాక, బయటివాళ్ల కోసం విడిగా ఇచ్చే గెస్ట్ నెట్‌వర్క్ పేరుకే గెస్ట్. అద్దెవాళ్ల ఫోనుకు ఇంటివాళ్ల కెమెరాలు, కంప్యూటర్లు కనబడే వీలుంది. ఓసారి పరీక్షించి చూసుకోవడం మంచిది.

ఎండ, ఉరుము, కరెంటు

సీలింగుకు బిగించే యాక్సెస్ పాయింట్లలో పీఓఈ (పవర్ ఓవర్ ఈథర్నెట్) ఒక పెద్ద సౌకర్యం. లాన్ కేబుల్ మీదుగానే కరెంటు వెళుతుంది. 2003లో వచ్చిన 802.3ఏఎఫ్ ప్రమాణం ప్రకారం పోర్టు దగ్గర 15.4 వాట్లు, ఒక ఇంటి యాక్సెస్ పాయింట్‌కు అది చాలు. పైన ప్లగ్గు అక్కర్లేదు. కానీ మన దగ్గర దీని అసలు లాభం వేరు. కింద బాక్సు, కేబుల్‌లోకి కరెంటు పంపే పీఓఈ ఇంజెక్టర్ రెండూ ఒకే ఇన్వర్టర్ ప్లగ్గుకు పెడితే కరెంటు పోయినప్పుడు ఇల్లంతా వైఫై నిలుస్తుంది. పై గదికి ఇన్వర్టర్ లైను లేకపోయినా సరే. 24 వోల్టుల ప్యాసివ్ రకం ఇంజెక్టర్‌ను వేరే కంపెనీ డబ్బాకు తగిలించే ముందు మాత్రం రెండింటి మీద రాసినది చదవాలి, పొంతన కుదరకపోతే డబ్బా పనిచేయకపోవచ్చు, కాలిపోనూవచ్చు.

రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండ అంటారు. ఇంటి లోపల వాడే రూటర్లలో ఎక్కువ వాటి మీద రాసి ఉండేది 0 నుంచి 40 డిగ్రీలు. మే నెలలో నెల్లూరులో బయటే 40 దాటే రోజులుంటాయి. డాబా మీద రేకుల గదిలో, మూసిన అటకలో పెట్టిన డబ్బా మధ్యాహ్నం పూట ఆగి ఆగి పనిచేస్తోందంటే ఆశ్చర్యం లేదు. గాలాడే గోడకు, ఎత్తులో పెట్టాలి. బయట గోడ మీద వెళ్లే కేబుల్‌కు కూడా ఇదే ఎండ. ఇంట్లో వాడే మామూలు పీవీసీ తొడుగు ఎండకు పెళుసెక్కి చిట్లుతుంది. బయటకు వాడే నల్ల తొడుగు కేబుల్ వేయాలి, లేదా పైపులో వేయాలి. మైపాడు, కొత్తపట్నం వైపు సముద్రపు గాలి తగిలే ఇళ్లలో జాకుల రాగి పచ్చబడుతుంది, ఆరుబయట జాకు లేకుండా చూసుకోవడం మేలు.

ఇంటి నుంచి పశువుల కొట్టానికో, పక్క స్థలంలోని అన్నదమ్ముల ఇంటికో రాగి లాన్ కేబుల్ గాలిలో వేలాడదీయడం మంచిది కాదు. దగ్గర్లో పిడుగు పడితే ఆ వైరు మీదుగా రెండు ఇళ్ల పరికరాలూ పోతాయి. రెండు కట్టడాల మధ్య ఫైబర్ వేసి, చివర్ల కాంతి సంకేతాన్ని లాన్ కేబుల్‌కు మార్చే మీడియా కన్వర్టర్లు పెట్టుకోవాలి. ఫైబర్ కరెంటును మోయదు. ఇనుప తీగ ఆసరా ఉన్న రకమైతే ఆ తీగను లోపలికి తేకుండా బయటే కత్తిరించాలి.

ఇందుకూరుపేట, కొత్తపట్నం మండలాల్లో రొయ్యల చెరువుల గట్ల మీద షెడ్లున్నవాళ్ల సమస్య ఇంకొంచెం పెద్దది. ఇంటికీ షెడ్డుకూ మధ్య 300 మీటర్లుంటే లాన్ కేబుల్ 100 మీటర్ల హద్దు దాటిపోతుంది. అక్కడ 5 గిగాహెర్ట్జ్ బయటి యాంటెనాలు రెండు, ఒకదాని ముఖం ఒకటి చూసేలా బిగిస్తే సరిపోతుంది. రెండూ ఒకదానికొకటి కంటికి కనబడితే చాలదు. 300 మీటర్ల దూరంలో ఆ గీతకు సరిగ్గా నడిమధ్యన చుట్టూ రెండు మీటర్ల మేర ఖాళీ ఉండాలి. గాలికి ఊగే కొబ్బరి మట్ట అందులోకి వచ్చి పోతుంటే షెడ్డు కెమెరా కూడా వచ్చి పోతుంటుంది.

కొత్తగా ఇల్లు కడుతున్నవాళ్లకు ఈ తంటాలేవీ అక్కర్లేదు. స్లాబు వేయకముందే హాలు మూల నుంచి ప్రతి అంతస్తులో నడిమి సీలింగు దాకా, కరెంటు పైపులకు విడిగా, అంగుళం పీవీసీ పైపు ఒకటి వేయమని ఎలక్ట్రీషియన్‌కు చెప్పాలి. స్తంభం వైపు నుంచి హాలు మూలకు ఇంకొకటి. మూలల దగ్గర లంబకోణంలో తిరిగే ఎల్బోలు కాకుండా పొడుగు బెండ్లు వాడాలి, లేకపోతే కేబుల్ తిరగదు. లోపల ఒక నైలాన్ తాడు వదిలి, రెండు కొసలకూ జంక్షన్ బాక్సు పెట్టి మూత బిగించాలి. సెంట్రింగ్ మీద చువ్వలు కట్టడం అయిపోయి కాంక్రీటు పోయకముందు, పైపుల మూతుల్లోకి సిమెంటు పాలు దిగకుండా గుడ్డ కుక్కారో లేదో ఇంటివాళ్లే ఒకసారి పైకెక్కి చూసుకోవాలి.